చంద్రత్త ఎగరేసిన నీళ్ళు

మొన్న వంటింటి అటక మీద చెద కనిపించిందని సామానంతా కిందికి దింపించాను. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టని ఒక బిస్కెట్ డబ్బాలో, పసుపుపచ్చగా మాసిపోయిన దూది మధ్య, జానెడు పొడుగు గాజు గొట్టం ఒకటి దొరికింది. ఒక కొన మామూలుగా ఉంది, రెండో కొన సాగదీసినట్టు సన్నబడి సూదిమొనలా ముగిసింది. మా కోడలు దాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఇదేంటత్తయ్యా, విరిగిన థర్మామీటరా? పారేద్దామా?" అని అడిగింది. నేను గబుక్కున లాక్కున్నాను. లావుపాటి కొనను పెదాల మధ్య పెట్టుకుని ఊదితే సన్నని గాలి అరచేతికి చల్లగా తగిలింది. అరవై దాటిన మనిషిని, దుమ్ము నేలమీద చతికిలబడి, అటక మీది సామాను మధ్య పగలబడి నవ్వుతుంటే ఆ పిల్ల కంగారు పడింది. నాకు మాత్రం గుండె పదకొండేళ్ళ పిల్ల గుండెలా కొట్టుకుంటోంది.

మద్రాసు పురసవాక్కంలో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండేది. వీధి వైపు తిన్నె, తర్వాత హాలు, హాలు వెనక సామాన్ల గది, ఆపైన ఆకాశం కనిపించే ముంగిలి, చివర వంటిల్లు. మా నాయనది ఎండుమిరప, ధనియాల టోకు వ్యాపారం. దుకాణం టౌనులో ఉన్నా కొనేవాళ్ళకి చూపించే మచ్చు సంచులు మా సామాన్ల గదిలోనే ఉండేవి. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా గడప దాటగానే తుమ్మేవాళ్ళు. మాకు ఆ ఘాటు తెలిసేదే కాదు. మిరప ఘాటుకి చలించని మా అవ్వ, అంటే నాయనమ్మ, తన నశ్యానికి మాత్రం రోజుకి ఇరవైసార్లు తుమ్మేది. వెండి నశ్యం డబ్బీని బొడ్లో దోపుకుని, ముంగిట్లో కుళాయి ఎదురుగా పీట వేసుకుని కూర్చునేది. ఆ పీటే ఆమె సింహాసనం.

ఎందుకంటే నాకు పదకొండేళ్ళు నిండిన ఆ ఏడు వానల్లేవు. కుళాయి తెల్లవారుజామున కాసేపు సన్నగా కారి ఆగిపోయేది. నీళ్ళు వచ్చే ముందు గొట్టంలో గాలి బుస్సుమనేది. ఆ చప్పుడు అవ్వకి నిద్రలో కూడా వినిపించేది. ఇంట్లో ఉన్న బిందెలు, గంగాళాలు, ఆఖరికి మరచెంబులు కూడా వరసలో నిలబడేవి. బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెలు తోమడానికి, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి. స్నానానికి మనిషికి ఒక బకెట్. ఒక్క చెంబు ఎక్కువ పోసుకుంటే ముంగిట్లోంచే కేక వినిపించేది. "యాడ పోతాయో తెలుసునా ఆ నీళ్ళు? కాలవలోకి పోతాయి. ఎవురు మోస్తారు రేపు?" అలాంటి ఇంట్లో, అలాంటి ఏడాదిలో, మేము ఫౌంటెన్ కట్టాం.

మేము అంటే ముఖ్యంగా చంద్రత్త. నాయనకి చెల్లెలు. అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆమె భర్త ఒక కాలేజీలో సైన్సు ల్యాబులో పనిచేసేవాడు. పెళ్ళయిన నాలుగేళ్ళకి జ్వరం వచ్చి పోయాడు. అత్త ఒక్క ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చింది. ఆ పెట్టెలో పెళ్ళినాటి చీరలున్నాయని అందరూ అనుకునేవాళ్ళు. ఇంట్లో స్టవ్ ఆరిపోయినా, టార్చిలైటు వెలగకపోయినా, నాయన కళ్ళజోడు మర ఊడినా అత్త చేతికే వెళ్ళేది. జడలో ఉన్న పిన్ను తీసి దాంతోనే బాగుచేసేది. పనిచేస్తున్నప్పుడు నాలుక చివర పెదవి మూలకి వచ్చేది. ఆ సమయంలో ఆమెని ఎవరు పిలిచినా పలికేది కాదు. అయితే పండగ రోజుల్లో, పేరంటానికి ఆడవాళ్ళు వచ్చే వేళకి, అత్త చేతులు తుడుచుకుని వెనకవైపు వెళ్ళిపోయేది. ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి, సాయంత్రమైతే దీపం పెట్టినట్టే అదీ ఒక పద్ధతి అనుకునేదాన్ని.

మా ఇళ్ళల్లో దసరాకి బొమ్మల కొలువు పెడతారు. తొమ్మిది రోజులూ సాయంత్రం వీధివీధంతా పట్టు పావడాలే. ఏ ఇంట్లో కొలువు బాగుందో పిల్లలం తీర్పులు చెప్పుకునేవాళ్ళం. దసరా ఇంకా వారం ఉందనగా, పక్క సందులో ఉండే నా క్లాసు పిల్ల జయంతి నన్ను వాళ్ళింటికి తీసుకుపోయి, కీ ఇస్తే గుండ్రంగా తిరిగే బొమ్మ రైలు చూపించింది. సొరంగంలో దూరి బయటికి వచ్చేది, కూత కూడా వేసేది. "మీ ఇంట్లో ఏమి ఉందే?" అని అడిగింది. మా ఇంట్లో రంగు వెలసిన దశావతారాలు, ముక్కు విరిగిన చెట్టియారు వర్తకుడి బొమ్మ ఉన్నాయి. ఇంటికి వచ్చి మిరప సంచుల మీద పడి ఏడ్చాను.

అత్త సంచి పక్కన కూర్చుంది. "ఏందే, ఎందుకు ఏడస్తా ఉండావు?"

"జయంతి వాళ్ళింట్లో రైలు తిరగతాదత్తా. మనింట్లో ఏదీ కదలదు."

అత్త గోడవైపు చూసింది, అటకవైపు చూసింది, మళ్ళీ గోడవైపు చూసింది. నాలుక చివర పెదవి మూలకి వచ్చింది. "రైలు మనకెందుకు? మనం నీళ్ళు ఎగరేద్దాం," అంది.

ఆ మధ్యాహ్నం మొదటిసారి నా ముందు ట్రంకుపెట్టె తెరిచింది. ఒక్క చీర కూడా లేదు. పాత ధోవతి గుడ్డల్లో చుట్టిన గాజు గొట్టాలు, రబ్బరు గొట్టాల చుట్టలు, బెండు బిరడాలు, ఇత్తడి క్లిప్పులు, నీలం మూత ఉన్న స్పిరిట్ దీపం. మామ సెలవురోజుల్లో ఇంటి వసారాలో కూర్చోబెట్టుకుని ఆమెకి గాజు వంచడం నేర్పాడట. "మీ మామ చెయ్యి నాకంటే నిదానం," అని చెప్పి, దీపం వెలిగించింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. గాజు గొట్టాన్ని రెండు చేతులతో మంటలో పట్టుకుని మెల్లిగా తిప్పుతూ ఉంది. మంట రంగు మారి పసుపు ఎక్కింది. ఒక దగ్గర గాజు ఎర్రబడి, జంతికల పిండిలా మెత్తబడింది. "ఇప్పుడు చూడు," అని మంటలోంచి తీసి రెండు చేతులూ ఎడంగా లాగింది. గాజు తీగపాకంలా సాగింది! నేను పెట్టిన కేకకి వంటింట్లోంచి అమ్మ పరుగెత్తుకు వచ్చింది. మొదటిది మధ్యలో విరిగింది. రెండోదానికి మొన మూసుకుపోయింది. మూడోదాన్ని చల్లారనిచ్చి, ఆకురాయితో గీత పెట్టి పుటుక్కున విరిచింది. ఆ మొనలో గుండుసూది పట్టేంత దారి. అదే ఈ గొట్టం.

ఏర్పాటు ఇదీ: సామాన్ల గది అటక మీద ఇత్తడి బిందె. అందులోంచి రబ్బరు గొట్టం కిందికి దిగి, ఎప్పుడో కరెంటు తీగ కోసం గోడకి కొట్టిన రంధ్రంలోంచి హాల్లోకి వచ్చి, కొలువు మెట్ల ముందు పెట్టిన పెద్ద గంగాళంలో తేలుతుంది. దాని చివర ఈ గాజు గొట్టం, మొన పైకి. గొట్టం చివర నోటితో ఒకసారి గట్టిగా పీలిస్తే చాలు, నీళ్ళు బిందె అంచు ఎక్కి దిగి తమంతట తామే వస్తాయి. గది వైపు గొట్టానికి క్లిప్పు. అది వదిలితే నీళ్ళు ఎగురుతాయి, బిగిస్తే ఆగుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. అంతా సిద్ధం చేశాక అసలు చిక్కు గుర్తొచ్చింది. బిందెడు నీళ్ళు ఎవరిస్తారు?

అవ్వ పీట మీదే కూర్చుని మొత్తం వింది. చిటికెడు నశ్యం పట్టింది. తుమ్మింది. "తాగేదానికే లేవు. నీళ్ళతో ఆటలా?"

"పైనుంచి దిగినవి గంగాళంలోనే పడతాయమ్మా. మళ్ళీ ఎత్తి బిందెలో పోస్తాను. ఒక్క చుక్క యాడికీ పోదు," అంది అత్త.

"అట్టనా? చూస్తాం."

అవ్వ లేచి బిందెడు నీళ్ళు నింపించింది. తమలపాకు పళ్ళెంలోంచి సున్నం వేలికి తీసుకుని, లోపల నీటిమట్టం దగ్గర బొట్టులా గుర్తు పెట్టింది. బిందె అటక ఎక్కింది. అత్త హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని రబ్బరు గొట్టం పీల్చి, నీళ్ళు రాగానే మడిచి పట్టుకుని, గాజు మొన తగిలించి వదిలింది. నీటిదార నిలువుగా లేచింది. నా నడుమెత్తు! పైకి పోయి, ఒక్క క్షణం ఆగి, గొడుగులా విచ్చుకుని ముత్యాలై రాలింది. నేను గంతులేశాను, చప్పట్లు కొట్టాను, దారకి చెయ్యి అడ్డం పెట్టాను, అటూ ఇటూ పరుగెత్తాను. అవ్వ నోరు కొంచెం తెరుచుకోవడం నేను చూశాను. వెంటనే మూసేసింది. నీళ్ళన్నీ దిగాక మళ్ళీ బిందెలో పోశారు. సున్నం గుర్తుకి రెండు వేళ్ళు తక్కువ వచ్చింది.

"ఈ రెండు వేళ్ళు యాడికి పోయినాయి?" అంది అవ్వ.

అత్త తొణక్కుండా నా గౌను అంచు పట్టుకుని బిందె మీద పిండింది. దారగా నీళ్ళు కారాయి. అమ్మకి నవ్వు ఆగలేదు. అవ్వ ముఖం తిప్పుకుని, "సరి సరి, పాపని దూరంగా నిలబెట్టండి," అంది. అదే అనుమతి.

తర్వాత నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. గంగాళం చుట్టూ మట్టి పరిచి ఆవాలు చల్లాం. మూడోరోజుకల్లా పచ్చగడ్డిలా మొలిచాయి. కాలిన బొగ్గు పెళ్ళలతో కొండ కట్టి సున్నం పూశాం. గాజు మొన కనపడకుండా అత్త పాత పోస్టుకార్డులు కత్తిరించి, మైనంలో ముంచి తామరపువ్వు చేసింది. సరిగ్గా పువ్వు మధ్యలోంచి దార లేచేది. మా సైగ కూడా నిర్ణయించుకున్నాం. పేరంటాళ్ళు కూర్చున్నాక నేను "అమ్మవారికి దండం పెట్టుకోండి" అని గట్టిగా అనాలి. గోడ అవతల అత్త క్లిప్పు వదులుతుంది.

మొదటి సాయంత్రం ఆడవాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, మా వెలిసిన దశావతారాల్ని మర్యాదకి చూశారు. నేను గట్టిగా సైగ మాట అన్నాను. తామరపువ్వులోంచి నీళ్ళు లేచాయి! కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే వెనక్కి జరిగారు. ఒక ముసలావిడ చెంపలు వేసుకుంది. చంటిపిల్లలు అరిచారు. జయంతి నోరు తెరిచి అలాగే నిలబడింది. "అయ్యో, ఎట్ట వస్తా ఉండాయి? ఎవురే చేసింది?" అని పదిమంది అడిగారు. అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు. నా నోట్లోంచి ఒక్క మాట ఊడిపడింది. "నేనే."

గోడకి రంధ్రం ఉంది కదా. అవతలికి అంతా వినిపిస్తుంది. అందరూ వెళ్ళాక, గంగాళంలో నీళ్ళు చెంబుతో తోడి అటక మీది బిందెలో పోసింది అత్త. "మొన కొంచెం వాలతా ఉంది, రేపు నేరుగా పెడదాం," అని మాత్రం అంది. నాకు సిగ్గేసింది. కానీ మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు, మళ్ళీ అడిగారు, మళ్ళీ అదే మాట చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారికంటే తేలిక. అయిదో రోజుకి పక్క వీధులవాళ్ళు, ముఖపరిచయం లేనివాళ్ళు కూడా వచ్చారు. అమ్మ చేసిన శనగల గుగ్గిళ్ళు సరిపోక రెండుసార్లు వండింది. జయంతి వాళ్ళ రైలు మాట ఎవరూ ఎత్తడం లేదు. నేను నేల మీద నడవడం లేదు.

ఎనిమిదో రోజు మా బడి పెద్ద టీచరు కామేశ్వరి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ మనిషి. మా క్లాసులో ఆమె చెప్పుల చప్పుడుకే అందరం లేచి నిలబడేవాళ్ళం. కుర్చీ వేశాం. నీళ్ళు లేచాయి. అందరిలా ఆమె చెంపలు వేసుకోలేదు. ముందుకి వంగి, కళ్ళజోడు సర్దుకుని, దారని పైనుంచి కిందికి చూసింది. "చాలా బాగుందమ్మా. నువ్వే చేశావా? మరి నీళ్ళు పైకి ఎలా లేస్తున్నాయో చెప్పు."

నేను నీళ్ళు నమిలాను. "లోపల మోటారు ఉంది టీచర్."

"మోటారా? చప్పుడు రావడం లేదే."

"చిన్న మోటారు టీచర్. తామరపువ్వు కింద..." అని ఏదేదో అల్లుతూ పోయాను. గోడ అవతల అత్త రంధ్రానికి చెవి ఆనించి నా మాటలు వింటూ బిందె సంగతే మరిచిపోయిందట. తర్వాత చెప్పి నవ్వింది. బిందె అడుగంటింది. గొట్టంలోకి గాలి దూరింది. దార ఒకసారి దగ్గింది, రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, చతికిలబడిపోయింది. టీచరు నావైపే చూస్తోంది. నేను వంగి గాజు మొనలో నోరు పెట్టి పీల్చాను. సన్నటి దారిలోంచి ఏమీ రాలేదు. మళ్ళీ పీల్చాను. బుగ్గలు నొప్పి పుట్టాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి నాకు తెలియకుండానే అరిచాను. "అత్తా! నాకు రావడం లేదు, రా!"

అత్త వచ్చింది. ఆలోచించి రాలేదు. చేసిన వస్తువు ఆగిపోయింది, బాగుచేయాలి, అంతే. చీర కుచ్చిళ్ళు నడుములో దోపుకుని, మోచేతుల దాకా తడితో, చేతిలో క్లిప్పుతో, పట్టుచీరల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి గంగాళం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "పాపా, ఇంకో బిందెలోవి పోసి నింపి ఉండాను. నువ్వు పువ్వు పట్టుకో." గాజు మొన ఊడదీసింది, రబ్బరు గొట్టం పీల్చింది, మడిచింది, మొన తగిలించింది. నాలుక చివర పెదవి మూలన ఉంది. వదిలింది. దార కొలువు మూడో మెట్టు దాటి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు అత్త తలెత్తి చూసింది. తను ఎక్కడ ఉందో అప్పుడు తెలిసింది. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం నేను దగ్గరనుంచి చూశాను. లేచి వెనక్కి ఒక అడుగు వేసింది. కుంకుమ భరిణె పట్టుకున్న ఒకావిడ పక్కావిడ వైపు చూసింది. అమ్మ గుగ్గిళ్ళ పళ్ళెంతో బొమ్మలా నిలబడింది.

"నేను చేయలేదు టీచర్!" అన్నాను. గట్టిగానే అన్నాను. "అబద్ధం చెప్పినాను. అంతా మా అత్తే చేసింది. గాజు కూడా అత్తే లాగింది. నాకేం తెలీదు." ఇక ఏడుపు తన్నుకొచ్చింది.

టీచరు కుర్చీలోంచి లేచింది. "గాజు మీరే సాగదీశారా? ఇంట్లోనా? స్పిరిట్ దీపం మీదా?"

అత్త గుమ్మం వైపు చూస్తోంది. అక్కడ అవ్వ నిలబడి ఉంది. అవ్వ ముంగిట్లోంచి ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలీదు. బొడ్లోంచి డబ్బీ తీసింది, చిటికెడు పట్టింది. ఆ తుమ్ము కోసం హాలంతా ఎదురుచూసింది. తుమ్మి, ముక్కు తుడుచుకుని, విసుగ్గా అంది. "అట్టనే నిలబడి ఉంటావా, చంద్రా? ఆయమ్మ ఏమో అడగతా ఉండాది కదా. కూర్చోని చెప్పు."

అత్త కూర్చుంది. చెప్పింది. మొదట గొంతు వినబడలేదు. తర్వాత గొట్టం చేతిలోకి తీసుకుంది, ఎత్తు గురించి చెప్పింది, గాలి దూరితే ఏమవుతుందో చెప్పింది, ఆపి చూపించింది, వదిలి చూపించింది. టీచరు అడిగేకొద్దీ ఆమె మాటల వేగం పెరిగింది. పేరంటాళ్ళు కూడా మెల్లిగా దగ్గరికి జరిగారు. "ఇంత చిన్న దారిలోంచి అంత ఎత్తా?" అని ఒకరు, "వేడినీళ్ళయితే?" అని ఒకరు. నేను కళ్ళు తుడుచుకుని పువ్వు పట్టుకునే ఉన్నాను. అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు నాకు, ఎంత సిగ్గుపడ్డానో అంత సంతోషంగా కూడా ఉంది.

టీచరు వెళుతూ గుమ్మం దగ్గర అవ్వతో మాట్లాడింది. బడిలో ల్యాబు సామాను చూసుకునే మనిషి లేక గాజు సామానంతా అల్మారాల్లో మూలుగుతోందనీ, సెలవులయ్యాక మీ అమ్మాయిని పంపిస్తారా అనీ. నాయన ఆ రాత్రి భోజనాల దగ్గర "ఇంట్లోంచి ఆడమనిషి పనికి పోయేదా?" అని మొదలుపెట్టాడు. అవ్వ అన్నం కలుపుతూనే అంది. "నీ కళ్ళజోడు నువ్వే బాగుచేసుకుంటావా అయితే?" అంతటితో ఆ మాట ముగిసింది.

అత్త మా బడి ల్యాబులో ఇరవై అయిదేళ్ళకి పైగా పనిచేసింది. నడుముకి తాళంచెవుల గుత్తి వేలాడేది. పిల్లలంతా ఆమెని అత్తా అనే పిలిచేవాళ్ళు. నాకది మొదట్లో అసూయగా ఉండేది. మరుసటి దసరాకి అత్త హాల్లో కూర్చుని వచ్చినవాళ్ళకి ఫౌంటెన్ సంగతి చెబుతుంటే, గోడ అవతల క్లిప్పు దగ్గర అవ్వ స్టూలు వేసుకుని కూర్చుంది. సైగ దాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. ఆడవాళ్ళు గడపలో చెప్పులు విడుస్తుండగానే నీళ్ళు ఎగిరేవి. "చూసినారా, చూసినారా?" అని గోడలోంచి గొంతు వినిపించేది.

ఇప్పుడు అదే పురసవాక్కంలో ఏ దుకాణానికి వెళ్ళినా అట్టపెట్టెలో ఫౌంటెన్ దొరుకుతుంది. రాయిలా కనిపించే ప్లాస్టిక్, కింద రంగుల దీపాలు, ప్లగ్గు పెడితే చాలు. బాగానే ఉంటుంది, కాదనను. మా మనవరాలు అలాంటిది ఒకటి చూసి పది నిమిషాల్లో మరిచిపోయింది. ఆ పిల్ల తప్పేం లేదు. దాని కోసం తను ఎవరినీ ఒప్పించుకోనక్కర్లేదు, ఎవరి గౌనూ పిండనక్కర్లేదు. కుళాయి తిప్పితే నీళ్ళు వచ్చే ఇంట్లో పుట్టింది. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఆ గోడ అవతల నిలబడే పద్ధతి అసలే వద్దు. కానీ ఆ నీటిదార మొదటిసారి లేచినప్పుడు నా ఒంట్లో పుట్టిన ఝల్లు మాత్రం ఇంకెక్కడా, ఏ పెద్ద ఊళ్ళో, ఏ రాజభవనం తోటలోనూ నాకు దొరకలేదు.

మా ఆయన చనిపోయిన ఏడాది కూడా దసరా వచ్చింది. కొలువు పెట్టనా వద్దా అని కోడలు నా ముఖం చూస్తూ రెండు రోజులు తిరిగింది. పెట్టమన్నాను. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చే వేళకి, దూరపు చుట్టం ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుని మెల్లిగా అంది. "నువ్వు లోపల కాసేపు పడుకోరాదా? అలసిపోయి ఉంటావు." ఆమె చెడ్డ మనిషి కాదు. నాకోసమే అంటున్నానని ఆమె నమ్మకం. నేను ఆమె చెయ్యి మెత్తగా విడిపించుకున్నాను. బయట గంట మోగింది. వెళ్ళి నేనే తలుపు తీశాను.